ఒక్క పళ్ళచక్రం ఇప్పించండి: క్యామ్‌కార్డర్ కంపెనీలకు బహిరంగ లేఖ

మినీ డీవీ క్యామ్‌కార్డర్లు తయారుచేసి అమ్మిన కంపెనీల వారికి,
కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు,

నమస్కారం.

మా ఇంట్లో ప్రతి వేసవిలోనూ ఒక పేచీ వస్తుంది. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఎన్ని సోలలు పోయాలి, కారం ఎన్ని సోలలు పోయాలి అని. మా నాయనమ్మ చేతి కొలతే అసలు కొలత అని అందరం ఒప్పుకుంటాం. ఆ కొలత ఎంతో చెప్పమంటే మాత్రం అమ్మది ఒక లెక్క, అత్తయ్యది ఇంకో లెక్క. ఈ పేచీ ఒక్క నిమిషంలో తీరిపోవాల్సింది. ఎందుకంటే 2006 మే నెలలో నాయనమ్మ పెరట్లో పీట వేసుకుని, బేసిన్ ముందు పెట్టుకుని, ఒక్కో సోల కొలిచి పోస్తూ "ఇదిగో, ఇది మూడోది" అని లెక్క చెబుతుంటే, నేను ఎదురుగా గొంతుక్కూర్చుని మొత్తం వీడియో తీశాను. ఆ క్యాసెట్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. దాని మీద మా నాన్నగారి చేతిరాతతో "అమ్మ – ఆవకాయ" అని రాసి ఉంది. టేపు చెడిపోలేదు. దాన్ని ఆడించే యంత్రమే నాకు లేదు.

అలాంటి క్యాసెట్లు పదకొండు ఉన్నాయి. వాటి గురించే ఈ లేఖ.

నా క్యామ్‌కార్డర్ ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీతో తేలే విషయం కాదు, ఒకరిని వేలెత్తి చూపి ఊరుకుంటే నాకు ఒరిగేదీ లేదు. మా వైపు బ్రాండ్ ఏదైనా సరే, చేతిలో పట్టుకునే వీడియో కెమెరా అంటే హ్యాండీక్యామ్ అనే అంటారు. నేనూ అలాగే అంటూ పెరిగినవాణ్ణే.

2004 సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి వచ్చిన మా బావగారు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు. అక్కడ అయిదు వందల డాలర్లట. అప్పటి రేటుకి మన డబ్బుల్లో ఇరవై రెండు వేల పైచిలుకు. మా తెనాలిలో మా వీధి మొత్తానికీ అదే మొదటిది. అప్పటికి మా పాపకి ఏడాది కూడా నిండలేదు. అరచేతిలో ఇమిడేంత యంత్రం, పక్కకి తెరిస్తే చిన్న తెర, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద క్యాసెట్. బటన్ నొక్కితే తలుపు తెరుచుకుని, లోపలి పెట్టె మెల్లగా పైకి లేచి, క్యాసెట్ కోసం నోరు తెరుచుకుని నిలబడేది. క్యాసెట్ పెట్టి నెమ్మదిగా నొక్కితే మళ్ళీ తనంతట తనే లోపలికి దిగేది. ఆ చప్పుడు వినడానికే పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు.

చాలా మంచి కెమెరా అది. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. పదేళ్లకు పైగా ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎండలో తీశాను, పెళ్ళి పందిట్లో హోమం పొగ పక్కన నిలబడి తీశాను. వానాకాలం ఒకటి రెండుసార్లు లోపల తేమ చేరిందని హెచ్చరిక వచ్చింది. తలుపు తెరిచి గంట సేపు ఫ్యాన్ కింద పెడితే సర్దుకుంది. కాబట్టి నాసిరకం వస్తువు అమ్మారని నేను అనడం లేదు. వస్తువు బాగుంది కాబట్టే నమ్మి, ఇంట్లో వాళ్ళనందరినీ దానికి అప్పగించాను.

మీ ఇంజినీర్లకు తెలిసిన సంగతే అయినా, ఈ లేఖ చదివే మిగతా వాళ్ళ కోసం ఆ క్యాసెట్ సంగతి కొంచెం చెబుతాను. మినీ డీవీ టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. కెమెరా లోపల వెండిలా మెరిసే చిన్న డ్రమ్ము ఒకటి నిమిషానికి 9000 చుట్లు తిరుగుతుంది. టేపు దానికి ఏటవాలుగా చుట్టుకుని జరుగుతుంటే, డ్రమ్ము మీది హెడ్లు టేపు మీద సన్నని గీతలు గీసుకుంటూ పోతాయి. ఆ గీతల్లోనే బొమ్మ, శబ్దం, తేదీ అన్నీ అంకెలుగా ఉంటాయి. మామూలు పద్ధతి, అంటే ఎస్పీలో, ఒక్కో గీత వెడల్పు 10 మైక్రాన్లు. క్యాసెట్ గంట సేపు వస్తుంది. ఎల్పీ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో టేపు నెమ్మదిగా నడుస్తుంది, గీతలు 6.7 మైక్రాన్లకు సన్నబడతాయి, అదే క్యాసెట్ గంటన్నర వస్తుంది. ఆ సన్నటి గీత మన తల వెంట్రుక మందంలో దాదాపు పదో వంతు అన్నమాట.

ఆ గంటన్నరే నా కొంప ముంచింది. అప్పట్లో తెనాలిలో ఈ క్యాసెట్లు దొరికేవి కావు. విజయవాడ వెళ్ళి కొనుక్కురావాలి, ఒక్కోటి నూట ఎనభై రూపాయలు. మొదటి అయిదు క్యాసెట్లూ ఎస్పీలోనే తీశాను. తర్వాత మెనూలో ఎల్పీ కనిపించింది. ఒక్క బటన్ నొక్కితే అరగంట అదనంగా వస్తుందంటే మధ్యతరగతి వాడు ఎవడు వద్దంటాడు? బొమ్మలో తేడా కూడా లేదు. మొత్తం పదహారు క్యాసెట్లలో మిగతా పదకొండూ ఎల్పీలోనే తీశాను. ఎల్పీలో రాసిన టేపు వేరే కెమెరాలో సరిగ్గా ఆడకపోవచ్చని, రాసిన కెమెరాలోనే ఆడించుకోవాలని నాకు తెలిసేసరికి పదిహేనేళ్ళు గడిచిపోయాయి. యంత్రానికీ యంత్రానికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గీత వెడల్పుగా ఉంటే ఆ తేడా ఇమిడిపోతుంది. సన్నబడితే ఇమడదు.

"అప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాల్సింది కదా" అని అందరూ అంటారు. మా అమ్మాయి కూడా అంది. నిజమే, ఆ బాధ నాకు ఉంది. కానీ 2004లో మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ హార్డ్ డిస్క్ మొత్తం కలిపి 40 జీబీ. డీవీ వీడియో గంటకు 13 జీబీ దాకా తింటుంది. పైగా దాన్ని ఎక్కించాలంటే కెమెరాని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ కార్డు విడిగా కొని బిగించుకోవాలి. కెమెరాకి యూఎస్‌బీ ఉంది కానీ దాని గుండా వచ్చే బొమ్మ మసకగా ఉండేది. టేపు మీద ఉన్నది డిజిటల్ కదా, చెరగదు కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు అనుకున్నాం. "డిజిటల్" అన్న మాట మీదే కదా ఆ కెమెరా అమ్మారు! డబ్బా మీద అంత పెద్ద అక్షరాలతో ఉండేది.

2010లో నాన్నగారు పోయారు. నాయనమ్మ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆ క్యాసెట్ల జోలికి వెళ్ళబుద్ధి కాలేదు. ఈలోగా ఫోన్లు వచ్చేశాయి, వీడియో తీయడానికి కెమెరా బయటికి తీసే అవసరమే లేకుండా పోయింది. ఏడాదికోసారి బీరువాలోంచి తీసి, ఛార్జింగ్ పెట్టి, క్యాసెట్లు అటూ ఇటూ ఒకసారి తిప్పి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టేవాణ్ణి. మా డెల్టా ఉక్కపోతకి బూజు పట్టకుండా ఉండాలని. 2015లో అలా తిప్పుతుండగా క్యాసెట్ లోపలే ఉండిపోయింది. తలుపు తెరుచుకుంటుంది, పెట్టె పైకి లేవదు. లోపల చిన్న మోటారు రెండుసార్లు "జర్... జర్..." మని ప్రయత్నించి ఆగిపోతుంది. తెర మీద క్యాసెట్ బయటికి తీయమని బొమ్మ మినుక్కుమంటుంది. అదెలా తీయాలో మాత్రం చెప్పదు.

అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి మోడల్ నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూసి, "ఈ మోడల్ సిస్టమ్‌లోనే లేదు సార్" అంది. అమెరికాలో కొన్నది కాబట్టి ఇక్కడ వాళ్ళ లెక్కలో అది పుట్టనే లేదు. ఇక్కడ అమ్మిన మోడలే అయినా పార్టులు ఆపేశారట. లోపల ఇరుక్కున్న క్యాసెట్ అయినా తీసిపెట్టమంటే, తెరిస్తే బాధ్యత తీసుకోలేమన్నారు. కొత్త కెమెరా కొంటే తగ్గింపు ఇస్తామన్నారు. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. ఆమె చేతిలో ఏముంది? ఆమె ముందున్న తెర మీద ఉన్నదే ఆమె చెప్పగలదు. ఆ తెర మీద ఏం ఉండాలో నిర్ణయించింది మీరు.

తర్వాత హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను. ఆ సందుల్లో రెండో అంతస్తులో, ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషికి చోటు లేని గది. తలకి లైటు కట్టుకుని, పట్టకారుతో ఒక్కో స్క్రూ తీసి, వరసగా ఒక థర్మాకోల్ ముక్కకి గుచ్చుకుంటూ పోయాడు. లోపలి పెట్టె బయటపడ్డాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు. టేపు డ్రమ్ముకి చుట్టుకుని బిగిసి ఉంది. వేలితో తాకకుండా, చిన్న చక్రాన్ని స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం కొంచెం తిప్పుతూ టేపుని వదులు చేసి, మళ్ళీ క్యాసెట్‌లోకి చుట్టబెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. రెండు జానల మేర టేపు ముడతపడింది, అంతే. మిగతాది దక్కింది.

అప్పుడు ఆయన పట్టకారు మొనకి ఒక తెల్లని ప్లాస్టిక్ చక్రాన్ని తగిలించి లైటు వెలుగులో చూపించాడు. కందిబద్దంత ఉంది. మూడు పళ్ళు విరిగిపోయాయి. "డ్రమ్ము మంచిగనే ఉన్నది సార్. హెడ్డు మంచిగున్నది. ఇగో, ఈ గేరు పండ్లు పోయినయ్. ఇదొక్కటి దొరికితె పది నిమిషాల పని" అన్నాడు. డబ్బులు తీసుకోమంటే, బాగు చేయలేదు కదా అని తీసుకోలేదు.

అప్పటి నుంచి ఆ చక్రం కోసం నేను తిరగని చోటు లేదు. 2023లో ఆన్‌లైన్‌లో పాత క్యామ్‌కార్డర్ ఒకటి తొమ్మిది వేలు పెట్టి కొన్నాను. మన దేశంలో అమ్మినది. పెడితే తెర అంతా నీలం! అప్పుడు అర్థమైంది, నాది అమెరికా కెమెరా, ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతి. ఇక్కడివి పాల్ పద్ధతి. క్యాసెట్ ఒకటే, సైజు ఒకటే, టేపు ఒకటే, కానీ ఆ భాష ఈ యంత్రానికి రాదు. అమెరికా నుంచి బావగార్లూ అన్నయ్యలూ తెచ్చిన కెమెరాలతో ఇలా ఇరుక్కున్న ఇళ్ళు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నాదొక్కటే అయి ఉండదు. అటువైపు కూడా ఇదే కథ. పురుళ్ళకని వెళ్ళి ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వచ్చిన అమ్మానాన్నల్ని అక్కడ తీసిన టేపులు ఎన్ని అట్టపెట్టెల్లో మూలుగుతున్నాయో.

నిరుడు బావగారు తన స్నేహితుడి గ్యారేజీలో దొరికిన ఒక ఎన్‌టీఎస్‌సీ కెమెరా పంపించారు. మా ఊళ్ళో పాత మిక్సింగ్ షాపు అతని దగ్గర ఫైర్‌వైర్ సాకెట్ ఉన్న డెస్క్‌టాప్ ఇంకా పనిచేస్తోంది. ఒకప్పుడు పెళ్ళి వీడియోలు ఎండీ 9000 కెమెరాతో తీసి, ఆ కంప్యూటర్‌లోనే మిక్సింగ్ చేసేవాడు. అతను అందరిలా పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు తగిలించి డీవీడీ కొట్టి ఇవ్వలేదు. అలా చేస్తే బొమ్మ ఒకసారి అనలాగ్ అయి, మళ్ళీ డిజిటల్ అయి, నాణ్యత పోతుందని అతనికి తెలుసు. ఫైర్‌వైర్ గుండా టేపు మీది అంకెలు అంకెల్లాగే దిగుతాయి. క్యాసెట్‌కి గంట చొప్పున, పక్కన కూర్చుని ఎక్కించాడు. ఎస్పీలో తీసిన అయిదు క్యాసెట్లూ చెక్కుచెదరకుండా వచ్చాయి.

వాటిల్లో 2004 కృష్ణా పుష్కరాలు ఉన్నాయి. విజయవాడ దుర్గా ఘాట్. నాన్నగారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాతయ్యకి తర్పణం వదులుతున్నారు. దోసిలి లోంచి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారడం, కుడి చేతి ఉంగరం మీద ఎండ తళుక్కుమనడం, తడిసిన పంచె ఒంటికి అంటుకోవడం, అంతా నిన్న తీసినట్టు ఉంది. ఇరవై ఏళ్ళ టేపు అది! మధ్యలో ఆయన కెమెరా వైపు తిరిగి నాతో ఏదో అన్నారు. సరిగ్గా అప్పుడే మైకులో తప్పిపోయిన పిల్లవాడి గురించి ప్రకటన. పెదవులు కదలడం కనిపిస్తుంది, మాట వినపడదు. మా అమ్మాయి ఆ ముక్కని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసిందో. చివరికి నా వైపు తిరిగి, "తాతయ్య గొంతు ఎలా ఉంటుంది నాన్నా?" అని అడిగింది.

ఆ గొంతు పదమూడో నంబరు క్యాసెట్‌లో ఉంది. 2007 దీపావళి మర్నాడు నాన్నగారు అరుగు మీద కూర్చుని, తన చిన్నతనం, పడవలో కాలువ మీద బడికి వెళ్ళడం, కొత్తగా బడిపంతులుగా చేరినప్పుడు మొదటి జీతం తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టడం, అన్నీ గంటకు పైగా చెప్పారు. ఎక్కడా గోల లేదు. అప్పుడప్పుడూ వీధిలో సైకిల్ బెల్లు, అంతే. కానీ అది ఎల్పీ. బావగారు పంపిన కెమెరాలో పెడితే తెర నిండా గళ్ళు గళ్ళుగా ముక్కలు. ఒక అర సెకను నాన్నగారి ముఖం కుదురుకుంటుంది, మళ్ళీ గళ్ళు. మాట అయితే ఒక్క అక్షరం కూడా రాలేదు, టప్ టప్ మన్న చప్పుడు తప్ప. ఆవకాయ క్యాసెట్‌దీ ఇదే వరస. రాసిన కెమెరాయే చదవాలి. ఆ కెమెరా డ్రమ్ము బాగుంది, హెడ్డు బాగుంది. కందిబద్దంత చక్రం లేదు.

మా పక్కింటి కుర్రాడికి త్రీడీ ప్రింటింగ్ తెలుసు. విరిగిన చక్రాన్ని చూసి కొలతలు తీసి ఒకటి చేశాడు. కోఠి పెద్దాయన బిగించి చూశాడు. రెండు చుట్లు తిరిగి పళ్ళు జారిపోయాయి. విరిగిన దాన్ని చూసి కొలిస్తే రాదు, అసలు డ్రాయింగ్ ఉంటే చేయొచ్చు అన్నాడు ఆ కుర్రాడు. ఆ డ్రాయింగ్ మీ దగ్గర ఉంది.

అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

డీవీ పద్ధతి ఏ ఒక్క కంపెనీదో కాదు. 1990ల మొదట్లో సోనీ, మత్సుషిత, జేవీసీ, ఫిలిప్స్, హిటాచీ, షార్ప్, తోషిబా వంటి పది కంపెనీలు ఒక చోట కూర్చుని, మార్కెట్లో ఒకరికొకరు పోటీ అయినా, క్యాసెట్ మాత్రం అందరికీ ఒకటే ఉండాలని ఒప్పుకున్నాయి. తర్వాత ఇంకా ఎన్నో వచ్చి చేరాయి. 1995లో మొదటి కెమెరాలు మార్కెట్లోకి వచ్చాయి. ఎంత మంచి పని అది! ఆ ఒప్పందం వల్లే కదా మాలాంటి వాళ్ళు ధైర్యంగా కొన్నాం. ఆ తర్వాత 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ అనే కొత్త రికార్డింగు పద్ధతి ప్రకటించాయి. రికార్డింగు హార్డ్ డిస్కులకు, మెమొరీ కార్డులకు మారింది. టేపు వెనకబడింది. ఫైర్‌వైర్‌ని పుట్టించి పెంచిన ఆపిల్ కూడా తన కంప్యూటర్లలో ఆ సాకెట్ పెట్టడం ఎప్పుడో మానేసింది. మార్పు రావద్దని నేను అనను. కానీ లోపలికి రావడానికి అందరూ కలిసి ఒక తలుపు పెట్టినప్పుడు, బయటికి పోవడానికి కూడా ఒక తలుపు పెట్టాలి కదా. అది ఎవరికీ పట్టలేదు.

మీరు తలచుకుంటే చేయగలరని కూడా నాకు తెలుసు. 2005 అక్టోబరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీలు, అంటే కెమెరాలో బొమ్మని పట్టే చిప్పులు, వేడికీ తేమకీ లోపలి తీగల అతుకులు ఊడిపోయి చెడిపోతున్నాయని తేలింది. ఆ సీసీడీలు వేరే బ్రాండ్ల కెమెరాల్లోనూ ఉన్నాయి. అప్పుడు సోనీ, కానన్, నికాన్ వంటి కంపెనీలు వారంటీ అయిపోయిన కెమెరాలకు కూడా ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించాయి. మన వాతావరణం ఉన్న దేశాలకి అది ఎంత మేలు చేసిందో వేరే చెప్పక్కర్లేదు. బాధ్యత తీసుకోవడం మీకు కొత్త కాదు. కాకపోతే అప్పుడు చెడిపోయింది కళ్ళు, ఇప్పుడు పోతున్నది జ్ఞాపకం.

నేను ఉచితంగా అడగడం లేదు. నా పాత మోడల్‌ని మళ్ళీ తయారుచేయమనీ అడగడం లేదు. ఇక ఎన్నటికీ అమ్మని టేపు కెమెరాల సర్వీస్ మాన్యువళ్ళను, విడిభాగాల డ్రాయింగులను అందరికీ ఇచ్చేయండి. వాటివల్ల ఇప్పుడు మీకు వచ్చే ఆదాయమూ లేదు, పోయే వ్యాపారమూ లేదు. అవి దొరికితే ఆ చక్రం మా పక్కింటి కుర్రాడే చేస్తాడు. చేయలేకపోతే బాలానగర్‌లో ఏ చిన్న వర్క్‌షాపు వాళ్ళో చేస్తారు. సర్వీస్ మాన్యువల్ అంటే చక్రాల కొలతలే కాదు. టేపు నడిచే దారిలో గైడ్ స్తంభాలను ఎంత పైకి, ఎంత కిందికి సర్దాలో అందులో ఉంటుంది. అది తెలిసిన మెకానిక్ చేతికి వేరే కెమెరా ఇచ్చినా, ఒక ఎల్పీ టేపుకి తగ్గట్టు దాన్ని సర్ది ఆడించగలడు. ఇప్పుడు కోఠిలో ఆ పెద్దాయన అది అంచనా మీద చేయాల్సి వస్తోంది. టేపు నలిగిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఆయన ఆ పనికి ఒప్పుకోవడం లేదు, నేనూ బలవంతం చేయలేదు.

దాంతోపాటు, అప్పుడు క్యాసెట్ కోసం కూర్చున్నట్టే ఇప్పుడు ఇంకోసారి అందరూ కలిసి కూర్చుని, దేశంలో కనీసం ఒక్కచోట, పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడే యంత్రాలతో, టేపు నుంచి ఫైలుగా మార్చి ఇచ్చే కేంద్రం పెట్టండి. మీ గిడ్డంగుల్లో, మీ పాత సర్వీస్ విభాగాల్లో పనిచేసే డెక్కులు ఎన్నో కొన్ని ఉండే ఉంటాయి. వాటిని తుక్కు కింద అమ్మేసే ముందు ఈ ఒక్క పనికి వాడండి. క్యాసెట్‌కి ఇంత అని రుసుము పెట్టండి. కట్టడానికి జనం సిద్ధంగా ఉన్నారు.

ఆలస్యం చేసేందుకు వ్యవధి కూడా లేదు. మాగ్నెటిక్ టేపుల గురించి యునెస్కో తన అందరికీ సమాచారం కార్యక్రమం ద్వారా, అంతర్జాతీయ శబ్ద, దృశ్య భాండాగారాల సంఘంతో కలిసి, 2019లోనే హెచ్చరిక మొదలుపెట్టింది. టేపులను ఆడించే యంత్రాలు, విడిభాగాలు, ఆ పని తెలిసిన మనుషులు 2025 ప్రాంతానికి చాలావరకు కనుమరుగవుతారని నిపుణుల మాట. ఆ గడువు వచ్చేసింది. ఆ హెచ్చరిక పెద్ద పెద్ద సంస్థల కోసం చేసింది. వాళ్ళకి బడ్జెట్లు ఉంటాయి, సిబ్బంది ఉంటారు. మా తాతయ్య స్టూడియోలో దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో గోడకి ఉంది. దాన్ని చూడ్డానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ఆయన కొడుకు గొంతు వినాలంటే మాత్రం మీ దగ్గర ఉన్న ఒక కాగితం కావాలి.

వినియోగదారుల వ్యవహారాల శాఖ వారికి కూడా ఒక మాట. రిపేరు హక్కు మీద మీరు 2022 జులైలో కమిటీ వేశారు. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ తర్వాత రిపేరు చేయడం ఎంత తేలికో రేటింగు ఇచ్చే సూచీ మీద కూడా కమిటీ వేశారు, 2025లో నివేదిక కూడా వచ్చింది. ఫోన్లు, ఇంట్లో వాడే యంత్రాలు ముందు చూస్తామంటున్నారు, మంచిదే. ఫ్రిజ్ చెడిపోతే ఇంకో ఫ్రిజ్ కొనుక్కుంటాం, లోపల ఉన్న పాలు విరిగిపోయినా రేపు మళ్ళీ పాలు వస్తాయి. రికార్డు చేసే యంత్రం అలా కాదు. అది చెడిపోతే దానితో రాసినదంతా మూసుకుపోతుంది. అందుకని, మనుషుల మాటనీ బొమ్మనీ దాచిపెట్టే ఏ వస్తువుకైనా వేరే నియమం ఉండాలి. ఆ వస్తువు అమ్మకం ఆపిన తర్వాత ఎన్నేళ్ళ వరకు దాన్ని చదివే ఏర్పాటు ఉంటుందో డబ్బా మీద ముద్రించాలి. ఆ గడువు దాటగానే మాన్యువళ్ళు, డ్రాయింగులు బహిరంగం కావాలి. ఇతర దేశాల్లో కొన్న వస్తువులకు కూడా, డబ్బులు తీసుకునైనా సరే, ఇక్కడి సర్వీస్ సెంటర్లు బాగు చేసి ఇవ్వాలి. విదేశాల్లో పిల్లలు ఉన్న ఊళ్ళు మన రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. ఇప్పుడు ఫోన్లలో, క్లౌడ్‌లో పెట్టుకుంటున్న వీడియోలకు కూడా రేపు ఈ అవసరం పడుతుంది. మా పాప తరం వాళ్ళు నాలాగా సందుల వెంట తిరగకూడదని నా కోరిక.

వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. ముహూర్తం పెట్టుకున్నాం. పెళ్ళికి ముందు రోజు రాత్రి అందరూ చేరినప్పుడు అరుగు మీద తెర కట్టి, పుష్కరాల వీడియో వేస్తానని చెప్పాను. పదమూడో నంబరు క్యాసెట్ కూడా వేయాలని ఉంది. నాన్నగారు అవే కబుర్లు చెప్పింది ఆ అరుగు మీదే.

పదకొండు క్యాసెట్లూ వరస నంబర్లతో, ఏ క్యాసెట్‌లో ఏముందో రాసిన కాగితంతో సహా సిద్ధంగా ఉన్నాయి. కెమెరా ఉంది, ఛార్జర్ ఉంది, ఫైర్‌వైర్ కేబుల్ ఉంది. విరిగిన చక్రం చిన్న మందుల పొట్లంలో కట్టి డబ్బాలోనే పెట్టాను. పోస్టులో పంపడానికి మాత్రం నాకు మనసు ఒప్పదు. మీరు ఏ ఊరు రమ్మంటే ఆ ఊరికి నేనే తీసుకుని వస్తాను. చెన్నై అయినా సరే, ఢిల్లీ అయినా సరే. ఒక్కో క్యాసెట్ గంటన్నర. పదకొండు క్యాసెట్లకి పదహారున్నర గంటలు పడుతుంది. పక్కన కూర్చుంటాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక హ్యాండీక్యామ్ యజమాని
తెనాలి